గూగుల్‌కి ఏ చీర మడత విప్పాలి? పెద్ద ఆన్‌లైన్ కొట్టు నడిపేవాళ్లకి వన్‌టౌన్ నుంచి కొన్ని కిటుకులు

మా ఆఫీసు విజయవాడ వన్‌టౌన్‌లో, వస్త్రలత బట్టల మార్కెట్టుకి నాలుగడుగుల దూరంలో, చీరల గోడౌన్ పైన మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు లేదు. తొమ్మిదేళ్ల కిందట చీరల ఫొటోలకి పేర్లు కొట్టే పనికి వచ్చాను. ఇప్పుడు మా చీరల సైటు గూగుల్‌లో కనపడినా, కనపడకపోయినా తిట్లూ దీవెనలూ నాకే. 60,000 పైచిలుకు చీరలు, 140 కేటగిరీలు. చూసుకోవడానికి నేను, ఇద్దరు అమ్మాయిలు, ఒక డెవలపర్ కుర్రాడు.

పది పేజీల సైటుకి ఎస్‌ఈవో, అంటే గూగుల్‌లో ముందు కనపడేలా చేసే పని, ఎలా చెయ్యాలో చెప్పేవాళ్లు వీధికి నలుగురున్నారు. టైటిల్ ఇలా రాయండి, ఫొటోకి పేరు పెట్టండి, వారానికో వ్యాసం రాయండి అంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ చిన్న సైటువాళ్ల బాధ గూగుల్ తమ గుమ్మం తొక్కట్లేదని. మన బాధ వేరు. గూగుల్ రోజూ వస్తుంది, పొద్దస్తమానం తిరుగుతుంది, చూడాల్సినవి చూడకుండానే వెళ్లిపోతుంది.

ఈ ముక్క మా పెద్దాయనకి, అంటే ఓనరు గారికి, అర్థమయ్యేలా చెప్పడానికి నేను తంటాలు పడుతుంటే ఆయనే అడిగారు: "కొట్టుకొచ్చినావిడకి గుమాస్తా బీరువాలన్నీ విప్పి చూపిస్తాడా అమ్మా?" విప్పడు. ఏం కావాలో విని, పాతిక చీరలు తీసి, అందులో పదింటికి మడత విప్పుతాడు. మా సైటేమో అన్ని బీరువాలూ బార్లా తెరిచి, ఒక్కో చీరనీ పదిసార్లు పరిచి కూర్చుంది.

ముందు మూడు అంకెలు

ఏ టూలూ కొనకముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి. ఒకటి: గూగుల్ చూడాలని మీరు నిజంగా కోరుకునే పేజీలెన్ని? అమ్మకానికి ఉన్న సరుకు, కేటగిరీలు, ఓ పది మామూలు పేజీలు కలిపితే చాలు. ఇది గోడౌన్ లెక్కలోంచి రావాలి, సైటులోంచి కాదు. రెండు: మీ సైట్‌మ్యాప్‌లో, అంటే గూగుల్‌కి మీరిచ్చే పేజీల జాబితాలో, ఎన్ని అడ్రసులున్నాయి? మూడు: సైటు ఓనర్లకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పేజీల రిపోర్టు తెరిచి, ఇండెక్స్ అయినవీ (గూగుల్ తన పుస్తకంలో రాసుకున్నవీ) కానివీ కూడితే ఎంత?

మూడూ దగ్గర దగ్గరగా ఉంటే మీరు అదృష్టవంతులు, మిగతాది చదవక్కర్లేదు. నేను మొదటిసారి కూడినప్పుడు మా మొదటి అంకె 60,000 చిల్లర, మూడోది 20 లక్షల పైన. స్క్రీను మీద దుమ్మేమో, సున్నా ఎక్కువ కనిపిస్తోందేమో అని తుడిచి మళ్లీ చూశాను.

అదే రిపోర్టులో ఇండెక్స్ కాని పేజీలకి కారణాలుంటాయి. వాటిలో రెండు వరసలు అచ్చం కవలల్లా కనిపిస్తాయి కానీ కావు. 'డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్' అంటే అడ్రసు తెలిసింది, ఇంకా వచ్చి చూడలేదని. 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్' అంటే వచ్చి చూసింది, పుస్తకంలో రాసుకోలేదని. మొదటిది పెరుగుతుంటే దారుల్లో చెత్త ఎక్కువైందన్నమాట. రెండోది పెరుగుతుంటే పేజీలోనే సరుకు లేదన్నమాట. మొదటి రోగానికి వర్ణనలు తిరగరాస్తూ కూర్చుంటే లాభం లేదు. మేం ఆరు నెలలు అదే చేశాం.

క్రాల్ బడ్జెట్, అంటే ఒక సైటులో తిరగడానికి గూగుల్ పెట్టుకునే టైము, గురించి కంగారు పడాల్సింది ఎవరో గూగులే తన గైడులో రాసింది: వారానికోసారి మారే పేజీలు 10 లక్షల పైన ఉన్నవాళ్లు, రోజూ మారే పేజీలు 10,000 పైన ఉన్నవాళ్లు. మా ధరలూ స్టాకూ రోజూ మారతాయి కాబట్టి మేం రెండో గుంపు. మీ దగ్గర మూడు వేల వస్తువులే ఉంటే ఈ పదం విని నిద్ర పాడుచేసుకోకండి.

ఇంకో చిన్న కిటుకు. సెర్చ్ కన్సోల్ ఏ కారణానికైనా ఉదాహరణకి 1,000 అడ్రసులే చూపిస్తుంది. పట్టు చీరల ఫోల్డర్ ఒకటి, కాటన్ ఫోల్డర్ ఒకటి, ఇలా విడివిడి ప్రాపర్టీలుగా (సెర్చ్ కన్సోల్‌లో విడి ఖాతాల్లాంటివి) చేర్చుకుంటే ఒక్కోదానికీ 1,000 చొప్పున దొరుకుతాయి. డబ్బు ఖర్చు లేదు.

లాగ్ ఫైలు అడగండి, మొహమాటపడకండి

గూగుల్ తరఫున సైట్లలో తిరిగే ప్రోగ్రాం గూగుల్‌బాట్. అది నిజంగా ఎక్కడ తిరుగుతోందో చెప్పేది సర్వర్ లాగ్, అంటే సైటుకి ఎవరెప్పుడు వచ్చారో రాసుండే ఫైలు, ఒక్కటే. సెర్చ్ కన్సోల్‌లో క్రాల్ స్టాట్స్ ఉంది, గత 90 రోజుల లెక్క చెప్తుంది, ఒంట్లో వేడి ఉందో లేదో తెలుస్తుంది. రోగం పేరు మాత్రం లాగ్‌లోనే తెలుస్తుంది. హోస్టింగ్ వాళ్లని ఒక్క రోజు లాగ్ ఇవ్వమనండి. అందులో గూగుల్‌బాట్ పేరున్న వరసలు వడకట్టండి. ఆ పేరు పెట్టుకుని వచ్చే దొంగ బాట్‌లూ ఉంటాయి. ఐపీని, అంటే వచ్చిన కంప్యూటర్ నంబరుని, తిరగేసి వెతికితే గూగుల్‌బాట్ డాట్ కామ్ లేదా గూగుల్ డాట్ కామ్ అని రావాలి, ఆ పేరుని మళ్లీ వెతికితే అదే ఐపీ రావాలి. అప్పుడే అసలుది.

మా లాగ్‌లో ఒక మంగళవారం తెల్లారుజామున వరసగా కనిపించినవి చెప్తాను. పట్టు చీరలు, రంగు ఊదా, అంచు నిజాం, ధర 500 లోపు, సందర్భం పెళ్లి, తక్కువ ధర ముందు. దాని కింద వరసలో అవే అయిదు, కానీ అంచు ముందు, రంగు వెనక. దాని కింద అవే, ఎక్కువ ధర ముందు. 500 లోపు పెళ్లి పట్టు చీర మా దగ్గరే కాదు, ఈ భూమ్మీదే ఉండదు. పేజీ తెరిస్తే "క్షమించండి, చీరలు లేవు" అని వస్తుంది. గూగుల్ దాన్ని మూడుసార్లు చూసి వెళ్లింది. అదే రోజు ఉదయం అప్‌లోడ్ చేసిన మంగళగిరి చీరల్లో ఒక్కటీ చూడలేదు.

ఫిల్టర్లు: ఈ వ్యాసంలో సగం ఇదే

కాలిక్యులేటర్ తియ్యండి. మా పట్టు చీరల కేటగిరీలో ఫిల్టర్లు ఇవి: రంగులు 18, నేత రకాలు 12, అంచులు 9, ధర 6, సందర్భాలు 8, వరస మార్చే పద్ధతులు 5. ఒక్కోదాన్నీ అసలు నొక్కకపోవడం కూడా ఒక ఎంపికే కాబట్టి ఒకటి కలపాలి. 19 ఇంటూ 13 ఇంటూ 10 ఇంటూ 7 ఇంటూ 9 ఇంటూ 6. వచ్చేది 9,33,660. ఇది ఒక్క కేటగిరీకి. 140 కేటగిరీలకీ ఇదే ఫిల్టర్ పెట్టె తగిలిస్తే 13 కోట్లు దాటుతుంది. ఏది ముందు నొక్కితే అది అడ్రసులో ముందు వచ్చేలా సైటు కట్టి ఉంటే, ఆరూ నొక్కిన ఒక్క పేజీకే 720 అడ్రసులు. రెండు రంగులు ఒకేసారి ఎంచుకోనిస్తే ఇక నేను లెక్క కట్టను.

ఇది మా ఒక్కళ్ల గొడవ కాదు. ఫిల్టర్ల వల్లే సైట్ల మీద క్రాలింగ్ అతిగా జరుగుతోందని, సైటు ఓనర్ల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో ఇదే అన్నిటికన్నా ముందుందని గూగుల్ 2024 డిసెంబరులో రాసింది.

ఆపడానికి మూడు పనిముట్లున్నాయి. మూడూ ఒకటే అనుకోవడం వల్లే కొంపలు మునుగుతాయి. బాట్‌లు ఎక్కడికి రాకూడదో రాసిపెట్టే రోబోట్స్ ఫైలు గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది, లోపలికే రానివ్వదు. నోఇండెక్స్ ట్యాగ్, లోపలికొచ్చి చూశాక "ఇది ఎక్కడా రాయకు" అని చెప్పేది. కెనానికల్ ట్యాగ్ "దీని అసలు అదిగో, అక్కడుంది" అని చూపించేది. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి 2009లో తెచ్చిన కెనానికల్ ఇవాళ్టికీ గూగుల్ దృష్టిలో సూచనే, ఆజ్ఞ కాదు. పైగా దాన్ని చదవాలంటే పేజీలోకి రావాల్సిందే, కాబట్టి తిరుగుడు పెద్దగా తగ్గదు. నోఇండెక్స్‌కీ అదే సంగతి.

మరి ఏది వాడాలి? సైటు కొత్తదై, ఫిల్టర్ పేజీలు ఇంకా ఇండెక్స్‌లోకి ఎక్కకపోతే నేరుగా రోబోట్స్‌లో ఆపేయండి. ఇప్పటికే లక్షలు ఎక్కి కూర్చుంటే ముందు నోఇండెక్స్ పెట్టి, గూగుల్ వాటిని చూసి దించేదాకా ఆగి, ఆ తర్వాత గేటు వెయ్యండి. మేం ఉత్సాహంకొద్దీ రెండూ ఒకే రోజు పెట్టేశాం. గేటు మూసేశాక లోపలున్న నోఇండెక్స్ ఎవరు చదువుతారు? ఆ పేజీలు ఏ వివరమూ లేకుండా, ఉత్త అడ్రసులుగా, నెలల తరబడి ఇండెక్స్‌లోనే వేలాడాయి. సెర్చ్ కన్సోల్‌లో 'ఇండెక్స్డ్, దో బ్లాక్డ్ బై రోబోట్స్' అనే వరస మీకు పొడుగ్గా కనిపిస్తే మీరూ మా బాపతే.

నాకు అన్నిటికన్నా నచ్చిన మార్గం వేరే ఉంది. కొనేవాళ్లకి ఉపయోగపడాలి కానీ గూగుల్‌కి అక్కర్లేని ఫిల్టర్‌ని అడ్రసులో హ్యాష్ గుర్తు (#) తర్వాత పెట్టించండి. ఆ గుర్తు తర్వాతిదాన్ని గూగుల్ వేరే పేజీగా లెక్కపెట్టదు. డెవలపర్‌కి రెండు రోజుల పని, మీకు ఏళ్ల తరబడి ప్రశాంతత. మిగిలిన ఫిల్టర్లకి ఒకే వరస ఖాయం చేయించండి: ఎవరు ఏ క్రమంలో నొక్కినా అడ్రసులో రంగే ముందు రావాలి. చీరలు లేని కలయికకి 404, అంటే 'ఈ పేజీ లేదు' అనే జవాబు, ఇప్పించండి, "క్షమించండి" పేజీ కాదు. కార్టులో వెయ్యి, విష్‌లిస్టులో పెట్టు అనే లింకుల్ని కూడా గూగుల్ పట్టుకుని తిరుగుతుంది, వాటికీ గేటే. సైటులో వెతుకుడు పెట్టె ఇచ్చే ఫలితాల పేజీలకీ గేటే. లేకపోతే ఎవడో జూదం సైటువాడు తన మాటలు మీ వెతుకుడు పేజీ అడ్రసులో పెట్టి బయటినుంచి లింకులిస్తాడు. మీ చీరల సైటు పేరుతో గూగుల్‌లో పేకాట కనిపిస్తుంది. నేను చూశాను కాబట్టే చెప్తున్నా.

అయితే ఫిల్టర్లన్నీ మూసెయ్యడం కూడా తెలివితక్కువే. 'ఎర్ర పట్టు చీర', 'మంగళగిరి కాటన్ వెయ్యి లోపు' అని జనం వెతుకుతారు. అలాంటివాటిని ఫిల్టర్‌గా వదిలెయ్యకుండా, సొంత అడ్రసు, సొంత టైటిల్ ఇచ్చి, మెనూలోంచి లింకు పెట్టి, అసలు కేటగిరీగా నిలబెట్టాలి. మా దగ్గర పరీక్ష ఇది. ఆ మాటతో జనం వెతుకుతున్నారా? ఏడాది పొడుగునా కనీసం ఓ పాతిక చీరలు అందులో ఉంటాయా? దాని గురించి పక్క కేటగిరీకి పనికిరాని రెండు వాక్యాలు రాయగలమా? మూడిట్లో ఒకటి లేకపోయినా పేజీ లేదు. ఇలా మేం తెరిచినవి 90 దాటవు.

ఒక హెచ్చరిక. యూట్యూబ్‌లో ఇప్పటికీ సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ పారామీటర్స్ టూల్ వాడమని చెప్తుంటారు. అది 2022లోనే తీసేశారు. రోబోట్స్ ఫైల్లో నోఇండెక్స్ రాయమంటారు, 2019 సెప్టెంబరు నుంచి గూగుల్ దాన్ని పట్టించుకోవడం లేదు. వీడియో తేదీ చూసి మరీ నమ్మండి.

అమ్ముడైపోయిన చీర

ఫోన్లు అమ్మేవాళ్లకి ఈ బాధ తెలీదు. మోడల్ ఒకటే, పీసులు వెయ్యి. మా దగ్గర మగ్గం చీర చాలావరకు సింగిల్ పీసు. అమ్ముడైన రోజే ఆ పేజీకి నూరేళ్లు నిండుతాయి. నెలకి వేల పేజీలు ఇలా పోతుంటాయి.

మొదట్లో మేం ఏమీ చెయ్యలేదు. "స్టాకు లేదు" అని రాసి వదిలేశాం. వినాయకచవితికి అమ్మిన చీర పేజీ మరుసటి ఉగాదికీ బతికే ఉంది. గూగుల్ నుంచి వచ్చినావిడ చూసి, లేదని తెలుసుకుని, వెనక్కి పోయేది. తర్వాత ఎవరో సలహా ఇస్తే అమ్ముడైన చీరలన్నిటినీ 301 అనే శాశ్వత మళ్లింపుతో హోమ్ పేజీకి మళ్లించాను. అది ఇంకా ఘోరం. ఊదా ఉప్పాడ కోసం వచ్చినావిడని గుమ్మంలో వదిలేస్తే ఏం చేస్తుంది? గూగుల్ కూడా ఇలాంటి మళ్లింపుల్ని సాఫ్ట్ 404 అంటుంది, అంటే పైకి బతికున్నట్టు కనిపించే చచ్చిన పేజీ.

ఇప్పుడు గోడౌన్‌లో చీరకి కట్టే చీటీ మీదే ఒక గడి పెట్టాం. అందులో సరుకు చూసే అతను మూడక్షరాల్లో ఒకటి రాస్తాడు. 'మ' అంటే మళ్లీ వస్తుంది: పేజీ ఉంచాలి, స్ట్రక్చర్డ్ డేటాలో (గూగుల్ చదువుకోవడానికి పేజీ వెనక రాసే వివరాల్లో) అవుట్ ఆఫ్ స్టాక్ అని మార్చాలి, పైనే అలాంటివే ఆరు చీరలు చూపించాలి. 'జ' అంటే జత ఉంది, అదే నేత, అదే అంచు, వేరే రంగు: దానికి 301. 'పో' అంటే పోయింది: 404 లేదా 410 (ఇక రాదు అనే జవాబు). బయటినుంచి ఎవరైనా లింకిచ్చిన చీరైతే మాత్రం 404కి పంపేముందు నన్ను అడగాలి. అలాంటిదాన్ని దగ్గరి కేటగిరీకి మళ్లిస్తాను. 404లు పెరిగితే సైటుకి చెడ్డపేరొస్తుందని డెవలపర్ కుర్రాడు చాలాకాలం భయపడ్డాడు. లేని సరుకుకి లేదని చెప్పడం తప్పు కాదు.

రంగుల సంగతి క్లుప్తంగా. ఒకే ప్రింటు 12 రంగుల్లో వచ్చే మామూలు చీరకి ఒకే పేజీ చాలు, రంగులు అందులోనే మారాలి. మగ్గం చీరకి రంగు మారితే కొనే మనిషే మారుతుంది, అక్కడ విడి పేజీలే నయం. విడి పేజీలన్నీ ఒకే కుటుంబమని చెప్పడానికి ప్రొడక్ట్ గ్రూప్ అనే స్ట్రక్చర్డ్ డేటాని గూగుల్ 2024 నుంచి తీసుకుంటోంది.

రాత: "జరీ సరిహద్దు" కథ

60,000 చీరలకి ఎవరు రాస్తారు? హోల్‌సేల్ వాళ్లు పంపే వర్ణన ఊళ్లో అందరి సైట్లలోనూ అదే ఉంటుంది: 'పండుగలకు, వేడుకలకు అనువైన అందమైన చీర'. గూగుల్ ఇలాంటి వందలో ఒకటి ఉంచుకుని మిగతావి పక్కన పెడుతుంది.

ఒక ఏజెన్సీ వచ్చి, అన్ని పేజీలూ పది రోజుల్లో తెలుగులో రాసిస్తామంది. రాసిచ్చింది కూడా. నేను శాంపిలుకి ఇరవై తెరిచాను. బార్డర్‌ని 'సరిహద్దు' చేశారు. 'బంగారు జరీ సరిహద్దుతో మంగళగిరి.' బాడీ 'శరీరం' అయింది. రన్నింగ్ బ్లౌజు 'పరుగెత్తే జాకెట్టు'. పెద్దాయన చదివి కళ్లజోడు తీసి, అయిదు నిమిషాలు నవ్వి, ఆ తర్వాత బిల్లు ఎంతయిందని అడిగారు. అప్పుడు నవ్వలేదు. నవ్వు సంగతి అటుంచితే, ర్యాంకుల కోసం మూకుమ్మడిగా పేజీలు నింపడాన్ని 2024 మార్చి నుంచి గూగుల్ స్పామ్ కిందే లెక్కపెడుతోంది, మనిషి చేసినా మెషిన్ చేసినా.

మాకు పనికొచ్చిన రాత ఫోను పక్కనున్న రిజిస్టరులో దొరికింది. ఆర్డరు చేసేముందు ఫోన్ చేసేవాళ్లు అడిగేవి ఇరవై ప్రశ్నలకి మించవు. అంచు ఎన్ని అంగుళాలు? జరీ అసలుదా, టెస్టెడా? జాకెట్టు ముక్క చీరలోనే ఉందా, విడిగానా? ఉతికితే రంగు దిగుతుందా? ఫొటోలో కనిపించే రంగే వస్తుందా? ఫొటో తీసే అమ్మాయిలే టేపు పెట్టి కొలిచి, ఈ జవాబులు గడుల్లో నింపుతారు. ఆ గడుల్లోంచే పేజీ తయారవుతుంది. ఒక మంగళగిరి పేజీ ఇప్పుడిలా ఉంటుంది: '80 కౌంటు నూలు, గుంట మగ్గం నేత. రెండు వైపులా నిజాం అంచు, రెండంగుళాలు. కొంగులో జరీ పట్టీలు, ఒంట్లో బుటా లేదు. జాకెట్టు ముక్క చీరలోనే, 80 సెంటీమీటర్లు. మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్లలో.' కవిత్వం లేదు. కానీ ఈ నాలుగు ముక్కలూ ఇంకెవరి సైటులోనూ లేవు. చేత్తో రాసేది కేటగిరీలకీ, బాగా అమ్ముడయ్యే చీరలకే.

మాటల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. మనవాళ్లు తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. మంగళగిరికే నాలుగు చూశాను. స్పెల్లింగుకో పేజీ చెయ్యకండి, ఆ తేడాలు గూగుల్ సర్దుకుంటుంది. కానీ కొంగు, పల్లు, పైట ఒకటేనని దానికి ఎప్పుడూ తెలుస్తుందని నమ్మలేం. కేటగిరీ రాతలో ఈ మూడు మాటలూ సహజంగా దొర్లనివ్వండి. జనం ఏ మాట వాడుతున్నారో సెర్చ్ కన్సోల్ 16 నెలల వెనక్కి చూపిస్తుంది.

చీర దగ్గరికి దారి

5,000 చీరల కేటగిరీ, పేజీకి 48 చొప్పున పెడితే 105 పేజీలు. ఎనభయ్యో పేజీలో ఉన్న చీర దగ్గరికి కొనేవాళ్లూ రారు, గూగుల్ కూడా ఎప్పుడో ఒకసారి వస్తుంది. మేం పెద్ద కేటగిరీల్ని ఊరి పేర్లతో, నేతతో విడగొట్టి ఏ చీరైనా హోమ్ పేజీనుంచి నాలుగు నొక్కుళ్లలో దొరికేలా చేశాం. 'మరిన్ని చూపించు' బటన్ మాత్రమే పెడితే చాలదు, గూగుల్‌బాట్ బటన్లు నొక్కదు. కింద మామూలు లింకులుగా 2, 3, 4 పేజీలు ఉండాలి, ఒక్కోదాని కెనానికల్ దానికే చూపించాలి. అన్నిటినీ మొదటి పేజీకి చూపిస్తే రెండో పేజీ నుంచి ఉన్న చీరలన్నీ అనాథలవుతాయి.

సైట్‌మ్యాప్ ఒక్కో ఫైల్లో 50,000 అడ్రసులు, 50 ఎంబీ దాకా పట్టొచ్చు. పడుతుంది కదాని నింపకండి. కేటగిరీకో ఫైలు చెయ్యండి. సెర్చ్ కన్సోల్ రిపోర్టుని సైట్‌మ్యాప్ వారీగా చూడొచ్చు కాబట్టి, ఉప్పాడలో ఎన్ని ఎక్కాయి, వెంకటగిరిలో ఎన్ని ఆగాయి అన్నది ఒక్క చూపులో తేలుతుంది. అందులో పేజీ ఎంత ముఖ్యమో రాసే ప్రయారిటీ గడిని గూగుల్ చూడదు. లాస్ట్‌మాడ్‌ని, అంటే పేజీ చివరగా మారిన తేదీని, చూస్తుంది, అదీ మీరు నిజం రాస్తేనే. రోజూ అర్ధరాత్రి అన్నిటికీ ఇవాళ్టి తేదీ కొట్టే సైట్లున్నాయి. నాన్నా పులి కథ.

ఆషాఢం సేల్ పేజీకి ఏటా కొత్త అడ్రసు పెట్టే అలవాటుంటే మానుకోండి. అడ్రసులో సంవత్సరం లేకుండా ఒకటే ఉంచి, సేల్ అయిపోయాక కూడా మూసెయ్యకుండా, 'వచ్చే ఆషాఢానికి కలుద్దాం' అని రాసి వదిలెయ్యండి. ఏళ్ల తరబడి వచ్చిన లింకులన్నీ ఒకే చోట పోగవుతాయి. శ్రావణమాసం పేజీకీ అంతే. సేల్ రాత్రి ధర మార్చినప్పుడు పేజీలో మారి స్ట్రక్చర్డ్ డేటాలో మారకపోతే గూగుల్‌లో సరుకు చూపించే మర్చెంట్ సెంటర్ దాన్ని తీసిపారేస్తుంది. రెండూ ఒకే చోటినుంచి వచ్చేలా కట్టించండి.

వేగం గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను రెండు మాటలే చెప్తాను. గూగుల్ గీతలు: పేజీలో పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు రావాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు కదలాలి, పేజీ తెరుచుకునేటప్పుడు అటూ ఇటూ గెంతే లెక్క 0.1 దాటకూడదు. చీరల సైటులో నూటికి తొంభై పాళ్లు మొదటిదే పోతుంది, కెమెరాలోంచి వచ్చిన ఫొటోని అలాగే ఎక్కించడం వల్ల. సైజు తగ్గించండి, మొదటి ఫొటోకి మాత్రం లేజీ లోడింగ్ (కిందికి జరిపాకే ఫొటో రప్పించే పద్ధతి) తీసెయ్యండి.

వ్రతానికి వారం ముందు

సైటు మార్చేటప్పుడు ఒక్కటి నేర్చుకున్నాను, నా తప్పు వల్లే. వరలక్ష్మీ వ్రతానికి వారం ముందు కొత్త డిజైను ఎక్కించాం. టెస్టు సైటుని గూగుల్ చూడకూడదని దాని రోబోట్స్ ఫైల్లో రెండే వరసలు పెట్టుకున్నాం: అన్ని బాట్‌లకీ, మొత్తం సైటుకీ, ప్రవేశం లేదు. డిజైనుతో పాటు ఆ ఫైలూ అసలు సైటుకి ఎక్కేసింది. చెక్ చెయ్యాల్సింది నేను. ఆ సాయంత్రం రద్దీ చూసుకుంటూ మర్చిపోయాను. గూగుల్ ఈ ఫైలుని సాధారణంగా 24 గంటల దాకా దాచుకుంటుంది కాబట్టి మర్నాడు బాగానే కనిపించింది. ఆ తర్వాత ఒక్కో పేజీ కింద వివరం పోవడం మొదలైంది. సెర్చ్ కన్సోల్ సెట్టింగ్స్‌లో రోబోట్స్ రిపోర్టు ఉంటుంది, అక్కడ చూసి గుండె జారింది. ఫైలు సరిచేసి, అక్కడే మళ్లీ చదవమని అడిగాం. పేజీలు తేరుకునేసరికి శ్రావణం అయిపోయింది.

టెస్టు సైటుకి పాస్‌వర్డ్ పెట్టండి, రోబోట్స్‌ని నమ్ముకోకండి. పాత అడ్రసుల 301లు కనీసం ఏడాది ఉంచండి, ఒకటి రెండోదానికి, రెండోది మూడోదానికి అని గొలుసు కట్టకుండా నేరుగా. పండగ ముందు నెల రోజులు సైటు కట్టుబడిని ముట్టుకోబోమని మేం పెద్దాయనకి మాటిచ్చాం.

ఫలితం ఎప్పటికి అని అందరూ అడుగుతారు. ఫిల్టర్లకి గేటు వేసిన కొన్ని వారాలకే లాగ్‌లో తేడా కనిపించింది, కొత్త చీరల్ని గూగుల్ ఒకటి రెండు రోజుల్లో చూడటం మొదలుపెట్టింది. ఆ 20 లక్షల అంకె దిగిరావడానికి మాత్రం ఏడాదికి దగ్గర పట్టింది. ఇప్పుడు ప్రతి సోమవారం టీ వచ్చేలోపు మూడు అంకెలూ గోడ క్యాలెండర్ మీద రాస్తాను.

మొన్న పెద్దాయన అబ్బాయి పైకొచ్చాడు. "అక్కా, జాకెట్టు డిజైన్లకి ఫిల్టర్ ఒకటి పెడదాం, ఇరవై రకాలు. కస్టమర్లు అడుగుతున్నారు" అన్నాడు. కాలిక్యులేటర్‌లో 9,33,660ని 21తో గుణించి ఆయన ముందుకి జరిపాను. 1,96,06,860. కాసేపు చూసి, "అయితే వద్దంటావా?" అన్నాడు. వద్దనలేదు. హ్యాష్ గుర్తు వెనక పెట్టించాను.